పాస్తా సలాడ్ పెడితే వేడి చారు అడిగిన పెదనాయన

మా చిన్నప్పుడు... ఎండాకాలం మిట్టమధ్యాహ్నం, వడమాలపేటలో మా వంటింట్లో అమ్మ ఊదుగొట్టంతో పొయ్యి ఊదుతూ ఉండేది. కళ్ళల్లో పొగ, వీపంతా చెమట.

నాయన పొలం నుంచి ఒక వేళకు, పెదనాయన అంగడి నుంచి ఇంకో వేళకు వచ్చేవాళ్ళు. పొద్దున పూట సద్ది, రాత్రి మిగిలిన సంగటి మజ్జిగలో కలిపి, అందరూ తాగేవాళ్ళే... మధ్యాహ్నం మాత్రం మగవాళ్ళకు సంగటి పొగలు కక్కాలి, చారు కాగుతూ ఉండాలి. కాస్త చల్లారితే కంచం పక్కకు నెట్టేవాళ్ళు. అమ్మ మళ్ళీ పొయ్యి రాజేసేది.

అందరూ తిన్నాక, ఎప్పటికో, అమ్మ తలుపు వెనకాల కూర్చునేది... నిన్నటి సంగటి మజ్జిగలో పిసుక్కుని, ఎర్రగడ్డ, అదే ఉల్లిపాయ, కొరుక్కుంటూ తినేది.

ఒకరోజు అమ్మకు కళ్ళు తిరిగాయి. ఆ రోజు పనుల్లో పడి పొద్దుటి నుంచి పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదు మరి. మగవాళ్ళు రాకముందే నాలుగు ముద్దలు సద్ది తినేసింది. ఆ పూట వంట కాస్త ఆలస్యమైంది. అంతే... మా అవ్వ, నాయన తల్లి, అందరి ముందూ అనేసింది.

"సద్దికూడు తిన్నమ్మ మొగుడాకలి ఎరగదంట."

అందరూ నవ్వారు. అమ్మ కూడా నవ్వింది. ఆ నవ్వు తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండిపోతుంది... వేడివేడిగా తిని తేన్చినవాళ్ళ మీద ఏ సామెతా లేదు, చల్లటి కూడు తిన్న మనిషి మీద మాత్రం ఉంది. ఇదేం న్యాయమండీ?

మొన్న ఆదివారం తిరుపతిలో మా ఇంటికి అమ్మ, అన్న, పెదనాయన భోజనానికి వచ్చారు. నాయన పోయాక అమ్మ అన్న దగ్గరే ఉంటోంది. ఈ ఎండల్లో నేను పొయ్యి ముందు నిలబడదలచుకోలేదు. మా అమ్మాయి ఫోన్‌లో చూపించిన గ్రీకు పద్ధతి పాస్తా సలాడ్ చేశాను.

పొద్దున్నే పాస్తా ఉడికించి, చన్నీళ్ళు పోసి వార్చి... కీరదోస, టమాట, ఎర్రగడ్డ, నల్ల ఆలివ్ కాయలు కలిపి, నిమ్మకాయ రసం పిండి, ఆలివ్ నూనె, మిరియాల పొడి వేశాను. గ్రీకువాళ్ళు వేసే ఉప్పటి చీజ్ మా వీధి అంగళ్ళలో దొరకలేదు, ఉప్పునీళ్ళలో నానిన పన్నీరుతో సరిపెట్టాను. అంతా ఫ్రిజ్‌లో పెట్టేశాను. ఇక ఎవరూ వంటింట్లోకి పోనక్కర్లేదు. అందరం ఒక్కసారే కూర్చుని తినొచ్చు, అమ్మతో సహా... నాకు కావాల్సింది అదే.

పెదనాయన గిన్నె ముట్టుకుని చూశాడు.

"ఏమ్మా, ఇంటికి పిలిచి సద్ది పెడతాండావా?"

"అవును పెదనాయనా. ఈ పొద్దు అందరికీ సద్దే," అన్నాను.

అన్న ముసిముసిగా నవ్వాడు. పెదనాయన ఊరుకుంటాడా... రవ్వంత చారైనా వేడిగా లేదా అని అడిగాడు. అడిగింది నన్ను. లేచింది మాత్రం అమ్మ! నోట్లో ముద్ద నోట్లోనే ఉంది, మోకాళ్ళు పట్టుకుని వంటింటి వైపు నడుస్తోంది. డెబ్భై దాటిన మనిషి.

చెయ్యి పట్టుకుని ఆపాను. చారు కావాలంటే స్టవ్ అక్కడుంది, వెలిగించుకోమని పెదనాయనకే చెప్పాను. ఆయన ముఖం మాడ్చుకుని తినడం మొదలుపెట్టాడు. రెండోసారి అడిగి మరీ వేయించుకున్నాడు, అది వేరే సంగతి.

అమ్మ వచ్చి కూర్చుంది. కానీ ముద్ద ఎత్తడం లేదు. బాగాలేదా అని అడిగాను.

"బాగుండాది పాపా. మీరంతా కానీండి... అందరూ తిన్నాక తింటా. అప్పుడైతేనే నాకు గొంతు దిగతాది."

ఇంకెవరి మీద అరవను చెప్పండి...

పొయ్యి పోయి గ్యాస్ వచ్చింది. గ్రీకు దేశం తిండి తిరుపతి దాకా వచ్చింది. మా అమ్మ మాత్రం ఇంకా పంక్తిలోకి రాలేదు.

మీ ఇళ్ళలో ఆఖరున తినేది ఎవరో మీరూ రాయండి... ఈ పూట ఆమెను ముందు కూర్చోబెట్టి, ఆ తర్వాత రాయండి.