వనపర్తి హాస్టల్లో నా చీరల బేరం

ఎవరైనా సరే, జీవితంలో ఒక్కసారైనా పరువు పోగొట్టుకోక తప్పదు. నేను మాత్రం నా పరువుతో పాటు మా ఆయన పరువు, మా బిడ్డ పరువు కూడా కలిపి ఒకే మధ్యాహ్నం, ఒకే హాస్టల్ వరండాలో, నలభై మంది ఆడపిల్లల ముందు పోగొట్టాను. ఐదేళ్లవుతోంది. ఇప్పటికీ వనపర్తి బస్సు కనబడితే మొహం పక్కకు తిప్పుకుంటాను. మీరు నవ్వుకోవచ్చు, నేనేమీ అనుకోను. నవ్వాల్సిన వాళ్లు అప్పుడే కడుపు పట్టుకుని నవ్వేశారు.

మాది గద్వాల. మగ్గం ఇల్లు. మా ఆయన నేస్తాడు, నేను నూలు కండెలు చుడతాను. సొంతంగా నేసి సొంతంగా అమ్ముకుంటాం. ఒక్కతే కూతురు, శ్రావణి. దానికి వనపర్తిలో ఇంజినీరింగు సీటొచ్చింది. గద్వాల నుంచి వనపర్తికి బస్సెక్కితే గంటన్నర. కానీ మధ్యలో కృష్ణ ఉంది కదా! నది దాటితే నా దృష్టిలో అది పరాయి దేశమే. అందుకే పరాయి దేశానికి పంపుతున్నట్టే సర్దాను. పరుపు, మూడు దుప్పట్లు, దోమతెర, బకెట్లు, జొన్న రొట్టెలు, పల్లీల పొడి, చీపురు, రొట్టెల పెనం. ఆటో అతను ఆ సామాను చూసి, "ఇల్లు ఖాళీ చేస్తున్నరా అక్కా?" అని అడిగాడు.

హాస్టల్ చేరాక నా ప్రతాపం మొదలైంది. గదిలో ఉన్న అమ్మాయి పేరు మంజుల, తెలకపల్లి దగ్గర రైతుల బిడ్డ. పాపం, అప్పుడే వచ్చి పెట్టె విప్పుకుంటోంది. ఆ పిల్లను కూర్చోబెట్టి మా బిడ్డ చరిత్రంతా చెప్పాను.

"మా శ్రావణి నిద్రల మాట్లాడ్తది బిడ్డా, భయపడకు. బల్లిని జూస్తే మంచమెక్కి దునుకుతది. ఏడో తరగతి దాకా నేను తినిపిస్తేనే తినేది..."

"అమ్మా!" అంది శ్రావణి. ఆ ఒక్క మాటలో వంద తిట్లున్నాయి. నేను పట్టించుకోలేదు. అక్కడి నుంచి వంటగదిలోకి వెళ్లి, వంటామెకు పప్పులో చింతపండు ఎంత వేయాలో వివరించాను. వార్డెన్ ఆ రోజు సెలవులో ఉంది కాబట్టి బతికిపోయాను. ఉండుంటే ఆవిడకు హాస్టల్ ఎలా నడపాలో కూడా నేర్పేదాన్ని.

శ్రావణి నా రెక్క పట్టుకుని గేటు దాకా తీసుకొచ్చింది. "నీకు దండం పెడ్తనమ్మా. నెల దాకా ఇటు దిక్కు రావద్దు. నన్ను జర నిలదొక్కుకోనియ్యి."

"నేనెందుకొస్తనే? నాకు పన్లేదా?"

"అయితే ఒట్టెయ్యి."

వేశాను. దాని నెత్తి మీద చెయ్యి పెట్టి మరీ వేశాను.

తిరుగు బస్సులో మా ఆయన కిటికీ వైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు. "ఏందది, మొగోనివై గిట్ల ఏడుస్తవ్?" అని ఊళ్లో దిగేదాకా ఎగతాళి చేశాను. మరునాటి నుంచి వాడకట్టులో ధైర్యం చెప్పే ఉద్యోగం కూడా చేపట్టాను. "పిల్లలన్నంక పోతరు. మనమే గట్టిగుండాలె. నన్ను జూడు, నాకేమన్న అయ్యిందా?" అని, అడగని వాళ్లకు కూడా ఆపి చెప్పేదాన్ని. ఇంటికొచ్చి మాత్రం ముగ్గురికీ బియ్యం పోసేదాన్ని, మూడు కంచాలు పెట్టేదాన్ని. మా ఆయన మూడో కంచం తీసి గూట్లో పెట్టేవాడు. ఆ మనిషి అసలే మాటలు తక్కువ. ఇంట్లో మగ్గం చప్పుడు తప్ప ఇంకేదీ వినబడేది కాదు.

సాయంత్రం ఫోనొచ్చేది.

"తిన్నవా?"

"తిన్న."

"ఏం తిన్నవ్?"

"అన్నం."

"ఏం కూర?"

"అమ్మా, ఉంటున్న ఇగ."

పోలీసు స్టేషన్లో దొంగను కూడా అంతగా ప్రశ్నించరు. దొంగ కూడా అంత పొదుపుగా జవాబులివ్వడు.

ఇరవయ్యో రోజున శ్రావణి ఫోన్లో దగ్గింది. ఒక్కసారే. ఆ ఒక్క దగ్గుకే నా కళ్ల ముందు పెద్ద దవాఖాన, ఇనుప మంచం, వేలాడే సెలైన్ సీసా కనబడ్డాయి. వెళ్లి చూడాల్సిందే. కానీ ఒట్టుందే! బాగా ఆలోచించాను. నేను వేసిన ఒట్టు తల్లిగా రానని. చీరలమ్మే మనిషిగా రానని ఎక్కడన్నానా? ఈ తెలివికి నన్ను నేనే మెచ్చుకుని, మూడు చీరలు మూటగట్టాను.

తెల్లవారి గురువారం. "శ్రీరంగాపూర్ రంగనాయకస్వామి దర్శనానికి పోతున్న" అని మా ఆయనకు చెప్పాను.

"పో, పో. నిమ్మలంగ మొక్కుకోని రా. నాక్కూడ రాజోలిల పనుంది" అన్నాడు. ఇంత సులువుగా ఒప్పుకున్నాడేమిటా అని అప్పుడే అనుమానించాల్సింది.

హాస్టల్ గేటు దగ్గర వాచ్‌మన్ ఆపాడు. "తల్లిదండ్రులకు ఐతారం ఒక్కటే అక్కా."

"తల్లినెట్లయిత? చీరలమ్ముకునేదాన్ని. గద్వాల చీరలు!"

ఆ మాట వినగానే లోపల్నుంచి వార్డెన్ మేడమే బయటికొచ్చింది. వరండాలో చాప వేయించింది. నా ఎత్తు ఇంత బాగా పారుతుందని నేనే అనుకోలేదు. చిక్కల్లా ఒక్కటే. పిల్లలు క్లాసుల నుంచి రావడానికి ఇంకా గంటుంది. ఆ మేడమేమో నిమిషంలో పచ్చ చీర ఎత్తి భుజాన వేసుకుంది.

"ఇది బాగుందమ్మా. ఇచ్చెయ్యి."

ఇచ్చేస్తే నేను మూట కట్టుకుని వెళ్లిపోవాలి కదా!

"అది వద్దు మేడం. మీ రంగుకు నప్పదు."

"అయితే ఈ ఎర్రది?"

"అంచు మరీ పెద్దది. మీరు పొట్టిగ కనబడ్తరు."

"మరి గీ నీలిది?"

"అది మా ఆయన జ్వరంల నేసిండు మేడం. యాడనో పోగు తప్పే ఉంటది."

మేడం చీర దించి నన్ను ఎగాదిగా చూసింది. "ఏందమ్మా నువ్వు? అమ్మనీకి వచ్చినవా, దాచుకోనీకి వచ్చినవా?"

ఇలా సొంత సరుకును నోటికొచ్చినట్టు తిట్టుకుంటూ గంట గడిపాను. గద్వాలలో ఎవరైనా విని ఉంటే నన్ను వెలివేసేవారు.

చివరికి పిల్లలొచ్చారు. ఆ గుంపు మధ్యలో శ్రావణి. జడ కొత్తగా అల్లుకుంది. మంజుల భుజం మీద చెయ్యి వేసి ఏదో చెబుతూ పగలబడి నవ్వుతోంది. ఇంట్లో అది అలా నవ్వగా నేనెప్పుడూ చూడలేదు. ప్రాణం హాయిగా అనిపించింది. వెంటనే ఎక్కడో గుచ్చుకుంది కూడా. నేను లేకుండా ఇంత బాగుందా అని.

అంతలో అది నన్ను చూసింది. నవ్వు ఆగిపోయింది. నెమ్మదిగా వచ్చి చాప అంచున కూర్చుని, చీర కొంగు పట్టుకుని, "ఈ చీర ఎంత ఆంటీ?" అంది.

ఆంటీ! కన్న తల్లిని! నేను ధర చెప్పాలి. నోటికి వచ్చింది మాత్రం ఇది:

"దగ్గు తగ్గిందా బిడ్డా?"

నలభై తలలు నా వైపు తిరిగాయి. "దగ్గేంది?" అంది మేడం.

"ఏం లేదు మేడం. ఈ వయసు పిల్లలకు దగ్గుంటది గదా అని..."

శ్రావణి పళ్లు బిగించి, "నిన్న పరుపు దులిపితే దుమ్ము లేసింది ఆంటీ. తగ్గింది. మూట కట్టుకోండ్రి, మీకు బస్సు దొరకదు" అంటూ పక్కనున్న మంజులను గిల్లింది. ఆ గిల్లుడు ఒక్క క్షణం ఆలస్యమైంది.

"అరె, శ్రావణి వాళ్లమ్మ! రొట్టెలు మస్తుండె ఆంటీ!" అంది మంజుల ఆనందంగా.

నలభై మంది ఒక్కసారి ఘొల్లుమన్నారు. మేడం నవ్వలేదు. "మీ ఇంట్ల అందరు గిట్లనేనా?" అని అడిగింది.

"అందరంటే?"

"మీ ఆయన గురువారం గురువారం వస్తడు. లోపలికి రాడు. గేటు కాడ వాచ్‌మన్ గది ఎనక కూసోని, 'మా బిడ్డ నవ్వుకుంట పోతుందా?' అని వాచ్‌మన్‌ను అడిగి పోతడు. ఇప్పుడు గూడ అక్కడనే ఉన్నడు, చూసుకో."

"నాయిన గూడనా?" అని శ్రావణి గేటు వైపు పరుగెత్తింది. వెనకాల నేను, నా వెనకాల హాస్టలంతా.

మా ఆయన ఆ గది వెనకాల నేల మీద కూర్చుని వాచ్‌మన్ మంచానికి నవారు అల్లుతున్నాడు. అల్లిక చూస్తే పెళ్లి చీరకు కూడా అంత శ్రద్ధ పెట్టినట్టు లేదు. తలెత్తి నన్ను చూశాడు.

"నువ్వు శ్రీరంగాపూర్ పోలేదా?"

"ఇది రాజోలా?" అన్నాను.

"అమ్మతోని ఒట్టేయించుకున్న గద నాయినా!" అంది శ్రావణి.

"నేను వెయ్యలే గద బిడ్డా" అన్నాడు తల దించుకుని.

దానికి కోపం రావాలో నవ్వు రావాలో తెలియలేదు. చివరికి మా ఇద్దరి చేతులూ పట్టుకుంది. "నాకు ఇక్కడ ఇంతమంది ఉన్నరు. ఇంట్ల మీరిద్దరే ఉన్నరు. మీరే ఒకరితోని ఒకరు జర మాట్లాడుకోండ్రి" అంది. పద్దెనిమిదేళ్ల పిల్ల. నేను మూట కట్టుకోవడానికి వరండాకు నడిచాను. అక్కడ మేడం, తన రంగుకు నప్పని ఆ పచ్చ చీరనే తీసుకుంది.

బస్సులో పక్కపక్కన కూర్చున్నాం. "నాకెందుకు చెప్పలే?" అన్నాను.

"చెప్తే నువ్వు ఏడుస్తవని."

"నేనెందుకు ఏడుస్త?" అన్నాను గట్టిగా. అనగానే ఏడుపొచ్చింది. చిన్నదా? పెబ్బేరులో మొదలై బీచుపల్లి వంతెన దాటినా ఆగలేదు. మా ఆయన కూడా నాతో కలిశాడు. బస్సంతా మా వైపే చూస్తోంది. కండక్టర్ పాపం దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి, "ఎవరు పోయిండ్రమ్మా?" అని అడిగాడు.

"మా బిడ్డ..." అన్నాను.

"అయ్యో! ఎట్ల?"

"బస్సుల. కాలేజీకి. వనపర్తికి."

కండక్టర్ సంచి భుజానికి ఎగదోసుకుని, "నేను దినాం నాలుగుసార్లు పోత వనపర్తికి. నా కోసం మా ఇంట్ల ఒక్కరన్న ఏడ్వరు" అని నిట్టూర్చి, ముందు సీటుకు వెళ్లిపోయాడు.

కాబట్టి పాఠకులారా, కృష్ణమ్మ సాక్షిగా చెబుతున్నాను. ఇక ఈ జన్మలో చీరల మూటతో ఏ హాస్టల్ గేటూ దాటను. శ్రావణి ఇప్పుడు ఉద్యోగం చేసుకుంటూ హైదరాబాదులో ఉంటోంది. అక్కడి హాస్టల్లో గేటు తెరవాలంటే వేలిముద్ర పెట్టాలట. అందువల్ల నా ప్రమాణానికి ఇప్పట్లో వచ్చే ఢోకా ఏమీ లేదు.