గంట ఆగితే చేను వెనక్కి

ఉదయం తొమ్మిదింబావుకు గుంటూరులో దర్శి బస్సెక్కాను. నన్ను కదిలించింది దేవదానం ఫోను. ఒకప్పుడు నా విద్యార్థి, ఇప్పుడు దర్శి దగ్గర ఒక పల్లెలో పాస్టరు. "మాస్టారూ, మీరు చెప్పిన ఇంగ్లండు పాఠం మా ఊళ్ళో చర్చి గంట మీద దావా అయి కూర్చుంది. ఓసారి రండి" అన్నాడు.

ఆ పాఠం ముప్పై ఏళ్ళు చెప్పాను. మధ్యయుగాల ఇంగ్లండులో కలిగినవాళ్ళు చర్చికి పొలం రాసిచ్చి, తమ ఆత్మ కోసం రోజూ ప్రార్థన జరగాలని షరతు పెట్టేవాళ్ళు. ప్రార్థన ఆగిపోతే, పొలం తిరిగి ఇమ్మని వారసులు కోర్టుకెక్కేవాళ్ళు. నిజం చెప్పొద్దూ, ఆ పాఠం నాకు తప్ప ఎవరికీ రుచించలేదు.

చిలకలూరిపేటలో ఒక మిరప రైతు పక్కన కూర్చున్నాడు. ఆయన చొక్కాకున్న ఘాటుకి రెండుసార్లు తుమ్మాను.

"దర్శిలో చుట్టాలా అండి?"

"లేదండీ, చర్చి గంట చూడాలి."

"గంటని వినాలి గానీ, చూసేదేముందండీ!" అని నవ్వాడు.

అద్దంకిలో బస్సు ఆగినప్పుడు ఇడ్లీ తిన్నాం. ఒంటిగంటకు దర్శి. భోంచేసి, షేర్ ఆటోలో మూడింటికి పల్లె చేరాను.

దేవదానం దానపత్రం నకలు చూపించాడు. వెనకటికి ఇక్కడ చీకటిపడ్డా కోత ఆపని చేలో ఒక కూలి మనిషిని పాము కరిచిందట. ఆమె చనిపోయింది. ఆ చేను ఆసామి భార్య, హిందువే, మనసాగక తన రెండెకరాలు చర్చికి రాసిచ్చింది. షరతు ఒక్కటే: రోజూ పొద్దువాలగానే గంట కొట్టాలి, అది వినగానే కూలీలు ఇళ్ళకు వెళ్ళాలి. గంట ఆగితే చేను వారసులది. ఇంగ్లండు వాళ్ళు తమ ఆత్మ గురించి అడిగారు, ఈవిడ కూలీల ప్రాణం గురించి అడిగింది.

"గంటేదిరా?"

దేవదానం తల గోక్కున్నాడు. చర్చి కొత్తగా కడుతూ మూడేళ్ళ కిందట గంట దించారట. కట్టడం సగంలో ఆగింది. అప్పట్నుంచీ వేపకొమ్మకు వేలాడదీసిన రైలుపట్టా ముక్కే గంట. ఇంత దూరం వచ్చింది దీనికా అని ఉసూరుమన్నాను.

దాన్ని కొట్టేది మార్తమ్మ. ఆ రెండెకరాల మూలనే ఆవిడ ఇల్లు. "చేను పోతే నా గూడు కూడా పోద్దయ్యా" అంది.

అయిదున్నరకు కోర్టు పంపిన లాయరమ్మ పరిశీలనకు వచ్చింది. దావా వేసిన కోటేశ్వరరావు గారూ, చేను రాసిచ్చినావిడ మునిమనవడు, మోటారుసైకిల్ మీద వచ్చాడు. దారికి అవతల ఆయన చేలోనే పదిమంది ఆడవాళ్ళు పండుమిరప కోస్తున్నారు.

"ఇనప ముక్క కొడితే గంట కొట్టినట్టా అమ్మా? మా తాతమ్మ రాయించింది గంట!" అన్నాడు లాయరమ్మతో.

నా మనసు కూడా ఆయన వైపే మొగ్గింది. కాగితం మీద గంట అనే ఉంది మరి.

ఆరయింది. మార్తమ్మ సుత్తి ఎత్తి తొమ్మిది దెబ్బలు కొట్టింది. చేలో నడుములన్నీ లేచాయి. బుట్టలు గట్టు మీద పెట్టి, తలగుడ్డలు విప్పి దులిపారు.

కోటేశ్వరరావు గారు అలవాటు కొద్దీ కేకేశాడు. "ఏమ్మా, ఇంకొక్క సాలేగా! కోసి పోండి!"

"గంట కొట్టారు కదయ్యా" అంది ముందు నడుస్తున్న ముసలామె, ఆగకుండానే.

లాయరమ్మ ఆ మాటను అక్షరం పొల్లుపోకుండా రాసుకుంది. కోటేశ్వరరావు గారు నాలిక్కరుచుకున్నాడు. మార్తమ్మ ఇంకా సుత్తి దించలేదు.

దర్శి దాకా నన్ను ఆయనే బండి మీద దించాడు. బస్టాండులో బండి ఆపి అన్నాడు: "దావా సంగతి మా ప్లీడరుకి చెప్పి విరమించుకుంటాలెండి. కానీ మాస్టారూ, గంట మాత్రం పైకెక్కించమనండి. ఆ ముక్క చప్పుడు చెరువవతల చేలకి వినపడదు. అక్కడా కోతలున్నాయి."

గుంటూరు బస్సు కదిలింది. పాఠంలో వారసుణ్ణి ముప్పై ఏళ్ళూ పొలం ఆశపోతుగానే చూపించాను. ఇచ్చిన మాట నిలబడుతోందా అని అడగడానికి మిగిలినవాడు కూడా వాడేనని ఒక్కసారీ చెప్పలేదు.