నరసన్న ముక్కు, భీమమ్మ నాలుక

తాగుడు మానిన మనిషిని బీరు పరీక్షకు కూర్చోబెట్టే వెర్రి ఎక్కడైనా ఉంటుందా? కర్నూలులో ఉంది. కూర్చోబెట్టినవాడు రాఘవేంద్రప్రసాద్, కూర్చున్నవాడు నరసన్న, మధ్యలో ఇరుక్కున్నది నరసన్న భార్య భీమమ్మ. నమ్మితే నమ్మండి, లేకపోతే మీ ఇష్టం. నేను మాత్రం జరిగింది జరిగినట్టే చెబుతాను.

నరసన్నది కోసిగి. వానలు మొహం చాటేసిన ఏడాది పెళ్లాంతో కర్నూలు పక్కనున్న కల్లూరు వచ్చి, ఇళ్లకు బేతంచెర్ల బండలు పరిచే పనిలో కుదురుకున్నాడు. నేల చదును చేయడంలో మంచి పనివాడే. కానీ పొద్దుగూకితే ఆ చదును నేల మీద తనే నిలబడలేడు. ఏ అంగడి అరుగు మీద పడి ఉంటే అక్కడికి భీమమ్మ వెళ్లి, రెక్క పట్టి లేపి, షేర్ ఆటోలో కుక్కి తెచ్చేది. దిగగానే ఎదురింటి పుల్లమ్మ వాకిట్లో ప్రత్యక్షం.

"ఏమాయె భీమీ?"

"ఎండదెబ్బ తగిలిండాదక్కా."

వేసవిలో అదే మాట, చలికాలంలో అదే మాట, జోరున వాన కురుస్తున్నా అదే మాట. పుల్లమ్మ మారుమాట్లాడకుండా లోపలికి పోయి ఉప్పేసిన మజ్జిగ తెచ్చి ఇచ్చేది. ఈ జనం ఇంత అమాయకులేంటబ్బా అని నరసన్న ఆ మత్తులోనే ముసిముసిగా నవ్వుకునేవాడు.

చివరికి ఒకనాడు భీమమ్మకు ఓపిక చచ్చింది. మొగుణ్ని ఉరుకుంద ఈరన్న స్వామి గుడికి లాక్కుపోయింది. వెలుగుతున్న కర్పూరం మీద చెయ్యి పెట్టించి, "మందు తాగను, గ్లాసు తాకను" అని ప్రమాణం చేయించింది. అంతటితో ఆగితే ఆమె భీమమ్మ ఎందుకవుతుంది? "ఒక్క సుక్క నీ నోట్లో పడిందో, ఆ పొద్దే కోసిగి బస్సెక్కుతా. మళ్లీ నీ గడప తొక్కితే నన్ను అడుగు" అని తన ప్రమాణం కూడా పక్కనే కలిపింది. ఆమె అన్నదంటే చేసే మనిషి. అప్పటినుంచి నరసన్న బ్రాందీ షాపు కనిపిస్తే రోడ్డు అవతలికి దాటి నడుస్తాడు. దగ్గుమందు కూడా ముట్టడు. దగ్గుతాడు, అంతే.

ఇక రాఘవేంద్రప్రసాద్ సంగతి. కిరాణా శెట్టి కొడుకు, ఊరికి ఆయనా శెట్టే. ఇంట్లోకి ఉల్లిగడ్డ కూడా రాని వంశం. అట్లాంటి వంశంలో పుట్టి బెంగళూరులో బీరు కాచడం నేర్చుకున్నాడు. కర్నూలులో ఒక హోటలు పై అంతస్తు తీసుకుని, తళతళలాడే పెద్ద పెద్ద పీపాలు బిగించి, బెల్జియం పద్ధతి బీర్లు కాచాడు. ప్రభుత్వం ఇచ్చిన పర్మిట్ కాగితానికి ఫ్రేము కట్టించి వెంకటేశ్వరస్వామి పటం పక్కనే తగిలించి, రెండింటికీ కలిపి అగరుబత్తీలు వెలిగించాడు. మర్నాడే ప్రారంభం. ఏ బీరుకు ఏ తిండి జోడు కుదురుతుందో ఇవాళే తేల్చాలి. తిండి మాత్రం మన సీమదే ఉండాలని, కల్లూరులో బొరుగుల ఉగ్గాని బండి పెట్టుకున్న భీమమ్మను వంటకు పిలిచాడు. "నేను వండేది వంట, కాసేది వాళ్ల పాపం" అని ఆమె ఒప్పుకుంది. గిన్నెలు మోయడానికి నరసన్న వెంట వచ్చాడు.

వచ్చి చూస్తే శెట్టి తల పట్టుకుని కూర్చున్నాడు. బెంగళూరు నుంచి రావలసిన రుచిగాళ్లు రాలేదు. సొంతంగా చూసుకుందామంటే ఆయనకు జలుబు, ముక్కు పూర్తిగా బిగిసింది. "వాసన తెలీకపోతే బీరూ బార్లీ నీళ్లూ ఒకటే నరసన్నా, మునిగిపోయినా" అని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. అంతలో ఆయనకు ఏదో గుర్తొచ్చింది. ఒకప్పుడు కళ్లు మూసుకుని వాసన చూసి ఏ షాపు సరుకో చెప్పి పందేలు గెలిచిన నరసన్న పేరు కర్నూలు దాకా పాకింది మరి.

"నువ్వు వాసన సూడన్నా, శాలు. తాగొద్దు."

నరసన్న ఒక అడుగు వెనక్కి వేశాడు. పెళ్లాం వైపు చూశాడు. భీమమ్మ గరిటె పక్కన పెట్టింది.

"తాగను, తాకను అన్యాడు. వాసన సూడను అనల్యా" అని తీర్పు చెప్పింది. "శేతులు ఎనక్కి కట్టుకో. గ్లాసు నేను పట్టుకుంటా."

ముక్కు దొరికింది సరే, తిండితో కలిపి రుచి చెప్పే నాలుక ఏది? శెట్టి చూపు మెల్లగా నరసన్న నోటి వైపు జరిగింది. భీమమ్మ ఆ చూపును మధ్యలోనే పట్టుకుంది. "ఈయప్ప నోటి దాకా రానిస్తే నా సంసారం బుగ్గైపోతాది. నాకేం ప్రమాణం ల్యాదు గదా, ఇట్ల తే" అని కొంగు బిగించింది. పుట్టి బుద్ధెరిగి ఆమె మందు వాసన కూడా పడని మనిషి. మొగుడి ప్రమాణం నిలబెట్టడానికి బీరు తాగడానికి సిద్ధపడింది. లోకంలో పతివ్రతలు ఎన్ని రకాలో చూడండి!

మొదటిది గోధుమ బీరు. భీమమ్మ గ్లాసు పట్టింది. చేతులు వీపు వెనక కట్టుకుని, నరసన్న వంగి ముక్కు పెట్టాడు.

"ధనియాలు... నారింజ తొక్క... మన పెండ్లి పొద్దుమాదిరి ఉండాది."

"మన పెండ్లిలో నారింజ యాడుండెనయ్యా?"

"ఉండింటే ఇట్లే ఉంటాండె."

శెట్టి ఆ మాటను భక్తిగా ఫోనులో ఎక్కించుకున్నాడు. భీమమ్మ గ్లాసు ఎత్తింది. ఎంగిలి పట్టింపు మనిషి కదా, పెదవికి తగలకుండా పైనుంచి పోసుకుంది. నురగంతా ముక్కు మీదికి దిగింది. ముక్కు తుడుచుకుని, ఉగ్గాని ఒక పిడికెడు, మిరపకాయ బజ్జీ ఒక కొరుకు. ఆమె మొహం చిట్లలేదు. "బజ్జీ కారానికి అడ్డం పడతాండాది. పర్వాల్యా" అంది.

రెండోది బెల్జియంలో పొలం కూలీల కోసం పుట్టిన బీరని శెట్టి చెప్పాడు. భీమమ్మ నోరు తెరిచేసింది. "కూలోళ్లకా? మా ఊరి రెడ్డి మజ్జిగ గూడా కొలిచి పోస్తాండెనే! ఆ ఊరికి బస్సు యాణ్నుంచి పోతాదో కనుక్కో శెట్టీ" అంది. దానికి జొన్నరొట్టె, పుంటికూర జోడు కుదిరాయి. మూడోది నల్లటిది. నరసన్న కళ్లు మూసుకుని "బెల్లం కాసే బట్టీ కాడ ఎండుద్రాచ్చ ఆరబోసిండారు" అన్నాడు. దాన్ని నాటుకోడి పులుసూ సంగటితో ముడిపెట్టారు. అప్పటికి భీమమ్మ పెదవికి తగలకుండా తాగడం మానేసింది.

నాలుగోది లేత పసుపు, చూడ్డానికి అమాయకంగా ఉంది. ముక్కు పెట్టగానే నరసన్న వెనక్కి జరిగాడు.

"మే, వద్దు. తేనెమాదిరి ఉండాది గానీ లోపల దెబ్బ ఉండాది."

"నువ్వు తాగినన్నాళ్లు నేను వద్దంటే ఇన్యావా?"

నరసన్న పక్కకు తప్పుకున్నాడు. దానికి తీపి ఓళిగ జోడని భీమమ్మ ఒక గుటకలోనే తేల్చింది. తర్వాత అనుమానం వచ్చి మళ్లీ తేల్చింది. ఆ తర్వాత శెట్టిని కూడా నమ్మకుండా మళ్లీ తేల్చింది. శెట్టి పొంగిపోయి, 'పెండ్లి పొద్దు', 'బెల్లం బట్టీ' అని బీర్లకు పేర్లు పెట్టి బోర్డు రాయించుకొస్తానని కిందికి పరిగెత్తాడు.

హాలులో ఎవరూ లేరు. భీమమ్మ బల్ల మీద తల వాల్చేసింది. ఆమె ముందు గ్లాసులో సగం మిగిలింది. కిటికీ వెలుతురు పడి మెరుస్తోంది. నరసన్న నోట్లో నీళ్లూరాయి. వీపు వెనక ముడిపడ్డ వేళ్లు తెలియకుండానే విడిపోయాయి. ఈరన్న స్వామి ఉరుకుందలో ఉన్నాడు, శెట్టి కింద ఉన్నాడు, పెళ్లాం కళ్లు మూసుకుంది. ఒక్క గుటక. ఎవడికి తెలుస్తుంది?

అప్పుడు భీమమ్మ కళ్లు తెరవకుండానే మాట్లాడింది.

"ఏమయ్యో... ఇంత బాగుంటాదా ఇది? ఇట్లాంటిదాన్ని ఇడిసిపెట్టినావా నువ్వు, నా కోసరం?"

తాను తాగింది ఇది కాదని, కిరసనాయిలు కంపు కొట్టే చీప్ లిక్కరని నరసన్న చెప్పలేదు. ఇన్నేళ్ల కాపురంలో పెళ్లాం తనను మెచ్చుకున్నది అదే మొదటిసారి. విడిపోయిన చేతులు గ్లాసును దాటి ముందుకు వెళ్లి, ఆమె రెక్క పట్టుకున్నాయి.

"లెయ్‌మే. ఇంటికి పోదాం పా."

షేర్ ఆటోలో భీమమ్మ డ్రైవరుకు బెల్జియం దారి చెబుతూనే ఉంది. కల్లూరులో దిగేసరికి వాన మొదలైంది. నరసన్న ఒక చేత్తో గిన్నెలు, ఒక చేత్తో పెళ్లాన్ని పట్టుకుని తడుస్తూ నడిచాడు. ఎదురింటి వాకిట్లో పుల్లమ్మ. ఇంకెక్కడుంటుంది?

"ఏమాయె నరసన్నా?"

నరసన్న ముక్కు చివరి నుంచి వాననీళ్లు కారుతున్నాయి. నాలుక మీదికి ఒకే ఒక మాట వచ్చింది.

"ఎండదెబ్బ తగిలిండాదక్కా."

పుల్లమ్మ వాన వైపు చూసింది. భీమమ్మ వైపు చూసింది. నవ్వలేదు.

"ఈ ఏడు శానా ఉండాదిలే ఎండ. పండబెట్టు, మజ్జిగ తెస్తా" అంది, ఎప్పుడూ అనే ఆ గొంతుతోనే.

నరసన్న కాళ్లు ఆ బురదలో అక్కడే ఆగిపోయాయి. తల కొట్టేసినట్టయింది. మజ్జిగ చెంబు తెచ్చి ఇస్తుంటే తల ఎత్తకుండా అడిగాడు.

"అక్కా, అప్పుడు గూడా నీకు తెల్సునా?"

"ఈదికంతా తెల్సు నాయినా. నీ పెండ్లాం మొగం సూసి అడగకపోతిమి."

చెవులు భగభగ మండిపోతుండగా నరసన్న లోపలికి వెళ్లాడు. మత్తులో ముసిముసిగా నవ్వుకున్న సాయంకాలాలన్నీ ఒక్కసారిగా వచ్చి మీద పడ్డాయి. ఎంత సిగ్గు మింగింది ఈ ఆడది! మంచం పక్కన కూర్చుని, ఆమె తల ఎత్తి పట్టుకుని, మజ్జిగ కొంచెం కొంచెంగా తాగించాడు. భీమమ్మ ఒక కన్ను తెరిచింది.

"ఎవురన్నా సూసినారా?"

"పుల్లమ్మక్క అడిగె."

"ఏం జెప్తివి?"

"ఎండదెబ్బ అని జెప్తి."

భీమమ్మ ఆత్రంగా అతని చెయ్యి పట్టుకుంది.

"నమ్మినాదా?"

బయట వాన దంచి కొడుతోంది.

"నమ్మినాది" అన్నాడు నరసన్న.