మార్గరెట్ మొక్కలకు నేను కప్పిన పట్టా

ఒక మంచి మనిషి చలికాలపు నిద్ర మొత్తాన్ని నేను నాలుగు రోజుల్లో కుళ్ళబెట్టాను. చెడ్డ ఉద్దేశంతో కాదు. చెడ్డ ఉద్దేశంతో అయితే అంత శ్రద్ధగా చేసి ఉండేదాన్ని కాదు.

నిద్ర కుళ్ళడమేమిటి అంటారేమో. ఆ నిద్ర మా పక్కింటి మార్గరెట్ పెరట్లో రెండు మొక్కలకు పూసి ఉంది. అవి గంజాయి మొక్కలు. పుస్తకం మూసేయకండి, చెప్తున్నాను.

మేముండేది ఆస్ట్రేలియాలో, క్యాన్‌బెర్రాలో. నా కొడుకు ప్రసాద్ ఇక్కడ గవర్నమెంటు ఆఫీసులో కంప్యూటర్ల ఉద్యోగం చేస్తాడు. ఈ ఊళ్ళో పెద్దవాళ్ళు తమ ఇంటి పెరట్లో మనిషికి రెండు చొప్పున ఆ మొక్కలు పెంచుకోవచ్చు. అమ్మకూడదు, ఒకరికి ఇవ్వకూడదు, అంతే. మార్గరెట్‌కు డెబ్భై దాటాయి. చేతివేళ్ళ కణుపులు అల్లం కొమ్ముల్లా వాచి ఉంటాయి. చలికాలం వస్తే ఆ నొప్పికి తెల్లవార్లూ కూర్చునే ఉంటుంది. ఆ పూలను ఎండబెట్టి సీసాలో దాచుకుంటే, వాటి పుణ్యాన ఆమెకు నాలుగు గంటల కునుకు. ఏడాదికి ఒకటే కాపు. పోతే మళ్ళీ ఏడాదే.

గంజాయివనంలో తులసిమొక్క అని మనకొక సామెత ఉంది. మార్గరెట్ పెరట్లో అది తిరగబడింది. చుట్టూ పుదీనా, కొత్తిమీర, నేనిచ్చిన తులసి. మధ్యలో అవి రెండూ, పేరంటానికి వచ్చి కూర్చున్న రౌడీల్లా.

మార్చి నెలాఖరున, పూగుత్తులు పిడికెడేసి లావున ఉన్నప్పుడు, సముద్రం ఒడ్డున ఉండే మార్గరెట్ చెల్లెలు జారిపడి కాలు విరగ్గొట్టుకుంది. మార్గరెట్ వారం రోజులు వెళ్ళాలి. కంచె దగ్గరికి వచ్చి, నాకు అర్థమయ్యేటట్టు మాట మాటకూ ఆగి అడిగింది. ఆమెవి ఇంగ్లీషు మాటలే, నేనిక్కడ తెలుగులో రాస్తున్నాను.

"సోబీ, మొక్కల్ని ఒక వారం చూసిపెడతావా?"

నా పేరు సౌభాగ్యమ్మ. ఆమె నోట్లో అంతవరకే పట్టింది.

"చూడ్డమేంది మార్గరెట్, పదెకరాల మిరప చూసినదాన్ని" అన్నాను. మా నాన్నకు నరసరావుపేట దగ్గర ఉన్నది మూడెకరాలు. ఇంగ్లీషులో చెప్పేటప్పుడు పొలం కొంచెం పెరుగుతుంది.

ఆమె నన్ను మొక్కల దగ్గరికి తీసుకుపోయి చూపించింది. "వీటికి శత్రువు వాన కాదు, గాలి ఆడకపోవడం. గుత్తి లోపల తేమ నిలిస్తే బూడిదరంగు బూజు పడుతుంది. బయటికి కనపడేసరికి లోపలంతా పోయుంటుంది. పొద్దున్నే కొమ్మల్ని మెల్లగా కదిపి మంచు దులుపు. మధ్యలో దట్టంగా ఉన్న ఆకులు తుంచెయ్. ఎక్కడన్నా గుత్తి రంగు మారితే, దానికి బాగా కిందికి కోసి, సంచిలో కట్టి చెత్తబుట్టలో వెయ్యి. కత్తెర స్పిరిట్‌తో తుడువు. నాకు ఫోన్ చెయ్."

"వాన వస్తే?"

"ఈ రేకు చాలు" అని పైకి చూపించింది. నాలుగు కర్రల మీద అద్దంలాంటి ప్లాస్టిక్ రేకు. పక్కలన్నీ ఖాళీ. నాకు నవ్వొచ్చింది. ఆ నాలుగు వైపుల్నించీ వాన రాదని ఈమెకు ఎవరు హామీ ఇచ్చారు?

నవ్వు దాచుకుని అంతా నోటుపుస్తకంలో రాసుకున్నాను. నాకు అక్షరాలు యాభై ఎనిమిదో ఏట వచ్చాయి, మనవరాలు వెళ్ళే ఆదివారం తెలుగు బడిలో వెనకబల్ల మీద కూర్చుంటే. కొత్తగా రాయడం వచ్చినవాళ్ళకు ఒక జబ్బుంటుంది. రాసేస్తే పని అయిపోయిందనుకుంటారు. ఆ పేజీని నేను మళ్ళీ తెరిచింది అంతా అయిపోయాకే.

ఇంట్లో చెప్పగానే ప్రసాద్ చేతిలో కంచం కింద పెట్టాడు.

"అమ్మా, నాకు సెక్యూరిటీ క్లియరెన్స్ ఉంది."

"ఉంటే మంచిదేగా."

"అది పోతే జాబ్ పోతుంది. నువ్వు ఆ ప్లాంట్స్ జోలికి పోవద్దు. చుట్టుపక్కల ఎవరన్నా చూస్తే ఏమనుకుంటారు?"

"రెండు మొక్కలుంటే తప్పు లేదంట. పోయి లెక్కపెట్టుకో. మూడోది కనపడితే నన్ను పట్టియ్యి."

మా కోడలు స్వాతి కూర వడ్డిస్తూ, "అత్తయ్య వెళ్తే మూడోది కూడా మొలుస్తుంది లెండి" అంది. ఆ అమ్మాయి నా పక్షమో వాడి పక్షమో ఇప్పటికీ తెలియదు.

రెండు రోజులు బుద్ధిగా చేశాను. కొమ్మలు కదిపాను, మంచు దులిపాను. ఆకులు మాత్రం తుంచలేదు. పచ్చగా ఉన్న ఆకును ఉత్తపుణ్యానికి తుంచడానికి నాకు చెయ్యి రాలేదు. మూడో రోజు మధ్యాహ్నం బ్రిండబెల్లా కొండల మీదినుంచి నల్లటి మబ్బు లేచింది.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. మా గుంటూరు వైపు మిరపకాయలు కళ్ళంలో ఆరబోసిన రోజుల్లో మబ్బు కనపడిందంటే మనిషి మనిషిగా ఉండడు. అన్నం తింటున్నవాడు ఎంగిలిచేత్తో లేస్తాడు. చంటిపిల్లను ఉయ్యాల్లో వదిలేసి తల్లి పరిగెత్తుతుంది. అందరి నోటా ఒకటే మాట, "పట్టా, పట్టా." టార్పాలిన్ పట్టా కాయల మీదికి లాగి, అంచుల మీద రాళ్ళు పెట్టేదాకా ఊపిరి పీల్చరు. ఆ పరుగు నా కాళ్ళలో నలభై ఏళ్ళుగా నిద్రపోతోంది. ఆ మధ్యాహ్నం లేచింది.

"స్వాతీ, పట్టా ఏదే?"

"ఏం పట్టా అత్తయ్యా?" ఆమె ఇంటి నుంచే ఆఫీసు పని చేసుకుంటోంది. చెవిలో మీటింగు.

"నీలంది. పార్కులో బార్బెక్యూకి పోయినప్పుడు నెత్తిన కట్టారు చూడు, అది."

"గరాజ్‌లో ఉంది. ఎందుకు?"

"మబ్బు."

ఇంకేం చెప్పాలి? గుంటూరులో అయితే ఆ ఒక్క మాటకు వీధి మొత్తం వచ్చేది. ఇక్కడ మా కోడలు చెవి మళ్ళీ మీటింగుకు అప్పగించింది.

ఒక్కదాన్నే కప్పాను. మార్గరెట్ రేకు కర్రల కిందనే రెండు మొక్కలకూ కలిపి నీలం పట్టా చుట్టి, బట్టలారేసే తాడుతో పై నుంచి కింది దాకా పదిహేను చుట్లు బిగించి, అంచుల మీద ఇటుకలు పేర్చాను. చీమ దూరే సందు లేదు. ఒకచోట పట్టా చిరిగి ఒక బక్క కొమ్మ బయటికి పొడుచుకొచ్చింది. దాన్ని లోపలికి తోద్దామని చూశాను, లొంగలేదు. ఒక కొమ్మ పోతే పోయిందిలే, మిగతావి దక్కాయి కదా అనుకున్నాను. ఈ కొమ్మను గుర్తుపెట్టుకోండి.

సాయంత్రం ప్రసాద్ కంచె మీదుగా చూసి నన్ను పిలిచాడు.

"అమ్మా, ఏందది?"

"మొక్కలు."

"రెండు శవాల్ని కట్టి నిలబెట్టినట్టుంది. ఇప్పటిదాకా వాటిని ఎవరూ పట్టించుకోలా. ఇప్పుడు హెలికాప్టర్‌లోంచి కూడా కనిపిస్తాయి."

"తడవకుండా ఉంటే చాలు."

"ఆంటీ ఇట్లా చెయ్యమందా?"

"ఆమెకు తెలియకపోతే నేను చెప్తాను. పట్టా అంటే ఏందో ఆమె ఎప్పుడు చూసింది?"

వాన నాలుగు రోజులు పడింది. నేను గొడుగేసుకుని పూటకొకసారి వెళ్ళి, పట్టాను బయటినుంచి తట్టి, ముడులు చూసి, తృప్తిగా తిరిగొచ్చేదాన్ని. లోపలికి చూడాలనే బుద్ధి ఒక్కసారి కూడా పుట్టలేదు. మార్గరెట్ ఫోన్ చేసి, "అక్కడ వానంటున్నారు, ఎలా ఉన్నాయి?" అని అడిగితే, "ఒక్క చుక్క పడలేదు" అన్నాను. అది మాత్రం నిజం.

వాన మొదలైన మూడో నాటికి పట్టా దగ్గర ఏదో ముక్కిన వాసన తగిలింది. నేను కంగారు పడలేదు. చెమ్మకు మందేమిటో పిల్లల్ని కన్న ప్రతి ఆడదానికీ తెలుసు. బాలింతకూ బిడ్డకూ తలంటు పోశాక తడి లాగడానికి ఏం పడతాం? సాంబ్రాణి. ధూపం వెలిగించి, పట్టా అంచు ఒక జానెడు ఎత్తి, లోపలికి తోసి, మళ్ళీ ఇటుక పెట్టేశాను.

ఆ పొగ లోపల ఎంతసేపుండాలో అంతసేపుండి, పై ముడి సందులోంచి మార్గరెట్ మొక్కల ఘాటునంతా వెంటేసుకుని ఊరి మీద పడింది. ప్రసాద్ ఆ వేళకే కారు దిగాడు. అవతలి పక్కింటాయన కుక్కను తిప్పుతూ ఆగి, గాలి పీల్చి, "ఈరోజు మీకేదన్నా పండగా?" అని అడిగాడు.

"అవును" అన్నాడు ప్రసాద్. మా ఇంట్లో అబద్ధమాడటం రానివాడు వాడొక్కడే, ఆ రోజు వాడితోనూ ఆడించాను. ఇంట్లోకొచ్చి నాతో రెండు గంటలు మాట్లాడలేదు. ఆ తర్వాత మాట్లాడాడు, మాట్లాడకుండా ఉంటేనే బాగుండేది.

పట్టా కప్పిన అయిదో రోజు ఎండ కాసింది. తాడు విప్పి పట్టా లాగాను. బిర్యానీ గిన్నె మీద మూత తీసినట్టు గుప్పున వేడి ఆవిరి మొహానికి కొట్టింది. పట్టా లోపలివైపు నీళ్ళు ధారలు కట్టి ఉన్నాయి. పై నుంచి ఒక్క చుక్క పడకుండా ఆపాను కదా, మొక్కల చెమటే వాటి మీద వానై కురిసింది. గుత్తులన్నీ పాత పచ్చడి జాడీలో పట్టినట్టు బూజు కప్పుకుని ఉన్నాయి. ఒకటి పట్టుకుంటే వేళ్ళ మధ్య గోధుమరంగు ముద్దయి ఊడొచ్చింది. రెండోదీ అంతే. మూడోదీ అంతే.

అప్పుడు గుర్తొచ్చింది మా నాన్న మాట. చిన్నప్పుడు ఒకసారి వాన వెలిసినా పట్టా తీయడం మరిచిపోయి నేను బస్తాడు కాయలు తెల్లబడి తాలయ్యేటట్టు చేస్తే, ఆయన కొట్టలేదు. "కప్పడం ఎవడైనా కప్పుతాడే. ఎప్పుడు విప్పాలో తెలిసినోడే రైతు" అన్నాడు. నలభై ఏళ్ళు ఆ మాటలో సగమే మోసుకు తిరిగాను. అదీ పనికిరాని సగం. అవి ఎండిన కాయలు, ఇవి ఊపిరి తీసే మొక్కలు అన్న తేడా కూడా నాకు తట్టలేదు.

"ఫోన్ చెయ్యి" అన్నాడు ప్రసాద్.

"రేపు చేస్తా."

"ఇప్పుడే. క్లియరెన్స్ ఇంటర్వ్యూలో కూడా నేను ఇంత టెన్షన్ పడలేదమ్మా. చెయ్యి."

చేశాను. వారం ఎలాగూ నిండవచ్చింది, మార్గరెట్ ఆ మధ్యాహ్నమే వచ్చింది. మొక్కల్ని చూసింది. గుట్టగా పడి ఉన్న పట్టాను చూసింది. మొక్కల మొదట్లో సాంబ్రాణి బూడిదను చూసింది. నేను తిట్లకు తల వంచుకుని నిలబడ్డాను. తిట్టదే. తిట్టని మనిషితో ఎంత చావో మీకు తెలుసా?

"సోబీ," అంది చివరికి, "వీటిని ఆవిరి మీద ఉడికించావా?"

"వాన పడుద్దని కప్పా."

"పూజ కూడా చేశావా?"

"తడి ఆరుద్దని."

ఆమె వాచిన వేళ్ళతో కత్తెర పట్టుకోలేక నా చేతికిచ్చింది. తను చూపించిన చోటల్లా నేను కోశాను. కోసిన ప్రతిసారీ కత్తెర తుడిచాను, నోటుపుస్తకంలో రాసుకున్నట్టే. చెత్తసంచులు మూడు నిండాయి. అంతా అయ్యాక మిగిలింది ఒక్కటే కొమ్మ. చిరుగులోంచి బయటికొచ్చి, లోపలికి తోస్తే లొంగని ఆ బక్క కొమ్మ. నాలుగు రోజులు వానలో నానింది, గాలికి ఊగింది. దాని గుత్తులు చెక్కు చెదరలేదు. నేను కాపాడినవన్నీ పోయాయి, నేను వదిలేసింది బతికింది.

మార్గరెట్ ఆ కొమ్మను ముక్కు దగ్గర పెట్టుకుంది. "ఇది నీ మాట వినలేదు కదూ" అంది.

ఆ కొమ్మ ఆమెకు జూన్ నెల సగం దాకా వచ్చింది; ఇక్కడ చలి ముదిరేది అప్పుడే. మిగతా చలికాలం ప్రతి సాయంత్రం నేను ఆముదం వేడిచేసి పట్టుకెళ్ళి ఆమె వేళ్ళకు మర్దనా చేశాను. నిద్ర పట్టిందా అని పొద్దున్నే అడిగితే, "కొంచెం" అనేది. ఆ 'కొంచెం' నాకు ఇప్పటికీ ముల్లులా గుచ్చుకుంటుంది. నీలం పట్టాను మాత్రం ఆమె తన షెడ్డులో పెట్టి తాళం వేసింది. మరుసటి ఏడాది మొక్కలు పూతకొచ్చినప్పుడు, ఆకాశంలో గుప్పెడు మబ్బు కనపడితే చాలు, మా ఇంట్లో ఫోన్ మోగేది. ప్రసాద్ ఎత్తేవాడు.

"ఆంటీ అడుగుతోంది, అమ్మ ఇంట్లోనే ఉందా అని."

"ఉన్నా."

"అక్కడే ఉంచమంటోంది."

కనుక మార్గరెట్ కణుపుల సాక్షిగా, మా నాన్న మూడెకరాల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఉరిమినా మెరిసినా, కొండల మీద నల్లమబ్బు లేచి నన్ను పేరు పెట్టి పిలిచినా, ఊపిరి ఉన్న దేనికీ ఈ జన్మలో పట్టా కప్పను. కాళ్ళు పరిగెత్తితే పరిగెత్తనీ. షెడ్డు తాళం మార్గరెట్ దగ్గరే ఉంది.