లోయర్ బేస్‌మెంట్ గాయని

2023. బెంగళూరు మారతహళ్ళిలో రింగు రోడ్డుకు కాస్త లోపలగా, ఒక మందుల షాపు పైన మా క్లినిక్. ముందు గదిలో ఈఎన్‌టీ డాక్టరుగారు కూర్చుంటారు, వెనక గదిలో నేను. నా పని వాయిస్ థెరపీ. అంటే గొంతు దెబ్బతిన్నవాళ్ళకు ఊపిరి తీసే తీరు, మాట్లాడే తీరు, పాడే తీరు సరిదిద్ది ఆ గొంతును మళ్ళీ నిలబెట్టడం. టీచర్లు, కండక్టర్లు, కాల్ సెంటర్ పిల్లలు, పాస్టర్లు ఎక్కువగా వస్తుంటారు. అప్పటికే ఇరవై ఏళ్ళకు పైగా ఈ పనిలో ఉన్నాను.

మాది కావలి వైపు. క్రైస్తవ విశ్వాసుల ఇంట పుట్టి, బైబిల్ వాక్యం చదవనిదే అన్నం ముట్టకుండా పెరిగాను. బెంగళూరు వచ్చాక కూడా ఆదివారం బడిలో పిల్లలకు నేర్పడం మానలేదు. ఇది ముందే చెప్పడానికి కారణం ఉంది.

ఆ ఏడు ఆగస్టులో రూతమ్మగారు తన కూతురు హెప్సిబాను తీసుకొచ్చింది. తల్లి స్టాఫ్ నర్సు. పెద్దలు కడప వైపు నుంచి వచ్చి రెండు తరాలుగా ఇక్కడే ఉన్న కుటుంబం. భర్త కోవిడ్‌లో పోయాడు. హెప్సిబాకు ఇరవై ఆరు. ఐటీ కంపెనీలో టెస్టింగ్ ఉద్యోగం. రోజంతా కంప్యూటర్ ముందు పనే తప్ప మాట తక్కువ.

"గొంతు పూర్తిగా పోయిండాది మేడం" అంది తల్లి. "ఏందో బ్యాండంట. నల్లబట్టలు, చీకటి లైట్లు. పేరు చూడండి, లోయర్ బేస్‌మెంట్! స్వర్గానికి పోయే పేరేనా అది?"

"అక్కడ ప్రాక్టీస్ చేస్తాం కాబట్టి ఆ పేరుమ్మా" అంది హెప్సిబా. గొంతు గరగరలాడింది.

"చూడండప్పా, మాట్లాడితేనే రంపం కోసినట్టుండాది."

డాక్టరుగారి స్ట్రోబోస్కోపీలో విషయం తేలింది. స్ట్రోబోస్కోపీ అంటే వెలుగును మిణుకుమిణుకుమనిపిస్తూ స్వరతంత్రుల కదలికను నిదానంగా చూపించే పరీక్ష. రెండు తంత్రుల మీదా నాడ్యూల్స్ ఉన్నాయి. పార పట్టేవాడి అరచేతిలో కాయలు కాసినట్టు, మితిమీరి వాడితే స్వరతంత్రుల మీదా కాయలు కాస్తాయి. ఎనిమిది వారాల థెరపీకి తగ్గకపోతే ఆపరేషన్ అన్నారు. పాడేవాళ్ళకు అది చిన్న విషయం కాదు. మచ్చ మిగిలితే పాత గొంతు తిరిగి రాకపోవచ్చు.

"డిసెంబరులో మా ఆల్బమ్ రికార్డింగ్ ఉంది మేడం" అంది హెప్సిబా. "అది నేనే పాడాల. ఇంకొకరు పాడేది కాదు."

నేను ఆమెకు వాయిస్ డైరీ ఇచ్చాను. ఏ రోజు ఎన్ని గంటలు మాట్లాడారో, ఎంత ఫోనులో గడిపారో, ఎంతసేపు పాడారో రోగి రాసుకునే పుస్తకం అది. దాన్నిబట్టే గొంతు మీద భారం ఎక్కడ పడుతోందో పట్టుకుంటాం. మొదటి పేజీ మీద నా చేత్తో రాశాను: బ్యాండ్ పూర్తిగా బంద్.

ఆమె పేజీలు తిప్పి అడిగింది. "చర్చి పాటలు కూడా రాయాలా మేడం?"

నేను నవ్వాను. "దేవుణ్ణి స్తుతించడానికి లెక్కేంటమ్మా?"

రూతమ్మగారు ఆమెన్ అంది. హెప్సిబా పుస్తకం సంచిలో పెట్టుకుంది.

ఆమెలాంటి రోగిని నేను అరుదుగా చూశాను. చెప్పిన వ్యాయామం ఒక్కటీ వదల్లేదు. నీళ్ళసీసా చేతినుంచి దిగలేదు. బ్యాండ్ వాళ్ళు రెండు ప్రోగ్రాములు రద్దు చేసుకున్నారు. డిసెంబరుకు వేరే గాయనిని వెతుక్కోవడం మంచిదేమోనని వాళ్ళలో మాట కూడా వచ్చిందట. ఆరు వారాల తర్వాత డాక్టరుగారు మళ్ళీ చూశారు. కాయలు తగ్గలేదు, ఎడమవైపుది ఇంకా కాస్త పెరిగింది. "ఇంకో రెండు వారాలు చూద్దాం, తర్వాత ఆపరేషన్‌కి రాసేస్తాను" అన్నారు.

ఆమెను నా గదిలో కూర్చోబెట్టి తలుపు వేశాను. "నిజం చెప్పు తల్లీ. దొంగతనంగా పాడుతున్నావు కదూ?"

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి కానీ మాట తడబడలేదు. "బ్యాండ్‌లో ఒక్క రోజు కూడా పాడలేదు మేడం. మీరు రాసింది రాసినట్టు చేసినాను. నేనొకటి అడగనా? మా పాట ఒక్కటైనా విన్నారా మీరు?"

"లేదు."

"వినకుండానే, దానివల్లే పోయిందని ఎట్లా రాసినారు?"

మనిషి మాట వినకుండా తీర్పు తీర్చవచ్చా అన్న ప్రశ్న వాక్యంలో ఉంది. ఆదివారం బడి పిల్లల చేత దాన్ని కంఠస్థం చేయించినదాన్ని నేను. అదే ప్రశ్న నా రోగి నోట వినవలసి వచ్చింది. "పాటలు పంపించు" అన్నాను.

మరునాడు మధ్యాహ్నం అన్నం డబ్బా పక్కన పెట్టి హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాను. ప్రార్థన చేసుకునే మొదలుపెట్టానని చెప్పడానికి సిగ్గుపడను. ముందు సింథసైజర్ మోత, భూమి లోపల ఏదో యంత్రం తిరుగుతున్నట్టు. దాని కింద డ్రమ్ మెషీన్, ఒకే దెబ్బ, తొందర లేకుండా. ఇక అరుపు వస్తుందని భుజాలు బిగబట్టాను. అరుపు రాలేదు. చెవి దగ్గరకు వచ్చి మాట్లాడినట్టు, కింది స్థాయిలో, ఊపిరి నిండిన గొంతు వచ్చింది. తెలుగు మాటలు. ఆస్పత్రి వరండాలో చీటీ పట్టుకుని కూర్చున్న అమ్మాయి. లోపల నాన్న. లోపలికి రానివ్వరు. అద్దం అవతల ఎవరో చెయ్యి ఎత్తితే, అది ఆయన చెయ్యో కాదో తెలియదు.

పాట సగానికి ఆ గొంతు చిట్లింది. ఇదిగో, గొంతు చించుకుంది ఇక్కడే అనుకుని వెనక్కి తిప్పి మళ్ళీ విన్నాను. మూడోసారికి నా చెవి తన పని తాను చేసింది. ఆమె గొంతు మెత్తగానే ఉంది. దాని మీద వేసిన డిస్టార్షన్, అంటే శబ్దాన్ని కావాలని చిట్లగొట్టే యంత్రం, ఆ గరుకుదనాన్ని ఇస్తోంది.

ఆ రోజు పాటలన్నీ విన్నాను. రెండు నాకు అసలు పట్టలేదు. వరండా పాట మాత్రం మర్నాడు బస్సులో కూడా విన్నాను. పరిశుద్ధ గ్రంథంలో ఎంతమంది చీకట్లోంచి మొరపెట్టలేదు? వాళ్ళ పక్కన ఈ అమ్మాయిని నిలబెట్టడానికి నాకు ఏ అభ్యంతరమూ కనబడలేదు.

విని ఊరుకుంటే సరిపోదు. శనివారం మధ్యాహ్నం హెప్సిబాను రమ్మని, వర్తూరులో వాళ్ళు ప్రాక్టీస్ చేసే అపార్ట్‌మెంట్ రెండో బేస్‌మెంట్‌కు వెళ్ళాను. కీబోర్డు వాయించే ప్రశాంత్ కన్నడ అబ్బాయి. నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు.

"బన్ని మేడం, రండి. మమ్మల్ని బంద్ చేసింది మీరేనా?"

"నేనేనయ్యా."

"ఇయర్ ప్లగ్ కావాలా? లేకపోతే ప్రేయర్ చేసేస్తారా మాకు?"

"రెండూ చేస్తాను. ముందు హెప్సిబాను ఒక్క పాట పాడనివ్వు."

పాటకు ముందూ తర్వాతా ఆమెకు స్వెల్లింగ్ టెస్ట్ చేశాను. చాలా సన్నగా, చాలా పైస్థాయిలో ఒక చిన్న వరస పాడించడమే ఆ పరీక్ష. తంత్రులు వాచి ఉంటే స్వరం ఆలస్యంగా పలుకుతుంది, లేదా మధ్యలో తెగిపోతుంది. పాటకు ముందు ఎక్కడ తెగిందో పాట తర్వాతా అక్కడే తెగింది. కొత్త భారం ఏమీ పడలేదు. ఆమె చెవిలో ఇన్-ఇయర్ మానిటర్ ఉంది. తన గొంతును తనకు వినిపించే చిన్న పరికరం అది. అది ఉంటే అరవాల్సిన అవసరం రాదు.

మరి కాయలు ఎక్కడినుంచి వస్తున్నట్టు? ఆమె డైరీలో ఏమీ రాయని రోజు ఒక్కటే ఉంది, ఆదివారం.

మర్నాడు మా సంఘానికి వెళ్ళకుండా వాళ్ళ సంఘానికి వెళ్ళాను. ఒక షాపుల భవనం రెండో అంతస్తు, రేకుల కప్పు, నూటయాభై మంది. ఆరాధన నడిపించేది హెప్సిబాయే. పాస్టరుగారి గొంతుకు కుదిరిన శృతిలో కీబోర్డు పెట్టారు. దాన్ని ఒక స్థాయి పైన అందుకోవాల్సిన ఆడవాళ్ళకు అది తలకు మించిన ఎత్తు. పక్కనే డ్రమ్ములు, చెవిలో మానిటర్ లేదు, ముందున్న స్పీకర్లు జనం వైపు తిరిగి ఉన్నాయి. మెడ నరాలు ఉబ్బేలా యాభై నిమిషాలు పాడింది. తర్వాత అందరూ ఒక్కసారిగా గొంతెత్తి ప్రార్థించినప్పుడు ఆ హోరులో తనూ ప్రార్థించింది. ఆ తర్వాత నలభై మంది పిల్లలకు పాఠం. శుక్రవారం ఉపవాస కూడికలోనూ ఇంతేనట.

చెప్పులు విడిచే మెట్ల మీద నిలబెట్టి అదే పరీక్ష చేశాను. స్వరం మొదట్లోనే తెగిపోయింది. అంతకుముందు రోజు అవలీలగా అందిన చోట గాలి తప్ప ఏమీ రాలేదు.

"మొదటి రోజే అడిగినాను కదా మేడం, రాయాలా అని" అంది గుసగుసగా.

"అడిగావు. నేనే నవ్వాను."

బ్యాండ్ మానేశాక ఖాళీ దొరికిందని ఆమె చేత ఇంకో కూడికలో కూడా పాడించడం మొదలుపెట్టారని అప్పుడు తెలిసింది. నా మందే రోగాన్ని పెంచింది.

పాస్టరుగారి దగ్గరికి వెళ్ళాను. "వందనాలు అయ్యగారూ. ఈ అమ్మాయికి ఆరు వారాలు పాటా, కేకా ఉండకూడదు. ఆ తర్వాత శృతి నాలుగు మెట్లు దించాలి, చెవిలో మానిటర్ ఇవ్వాలి."

ఆయన మంచివాడే. తికమకపడ్డాడు. "అదేందమ్మా, బ్యాండ్ వదిలితే బాగవుతుందని మీరే చెప్పినారంట కదా! దేవుడు దారి చూపినాడని రూతమ్మ అందరి ముందూ సాక్ష్యం చెప్పింది. సంఘమంతా స్తోత్రాలు చెల్లించినాం. ఇప్పుడు పరిచర్య వల్లనే జబ్బు అంటే జనం ఏమనుకుంటారు?"

నా గదిలో నేను రాసిన ఒక్క వాక్యం ఈ హాలులో సాక్ష్యమైపోయింది. హెప్సిబా పాడకపోతే మళ్ళీ బ్యాండ్‌కు పోతోందంటారు, పాడితే గొంతు పోతుంది. ఆ అమ్మాయి ఎటు కదిలినా నా మాటే అడ్డం.

"అయితే అయ్యగారూ, వచ్చే ఆదివారం సాక్ష్యాల సమయంలో నాకు రెండు నిమిషాలు ఇవ్వండి."

ఎన్నో సాక్ష్యాలు చెప్పాను కానీ, ఆ ఆదివారం లేచి చెప్పింది మాత్రం నా తప్పు గురించి. "నేను గొంతుకు వైద్యం చేసేదాన్ని. మీ హెప్సిబా గొంతు బ్యాండ్ వల్ల పోయిందని చెప్పినది నేనే. ఆమె పాట వినకుండా చెప్పాను. అది తప్పు." వెనక వరసలో ఒక పెద్దావిడ అలవాటుగా "స్తోత్రం!" అంది. ఇద్దరు ముగ్గురు నవ్వారు. నేనూ నవ్వి, మిగతాది చెప్పాను. ఎంత ఎత్తు, ఎంత హోరు, ఎన్ని గంటలు. దేవుడు ఇచ్చిన గొంతును కాపాడటం కూడా పరిచర్యేనని, ఆరు వారాలు ఆమెను మౌనంగా కూర్చోనివ్వమని అడిగాను.

రూతమ్మగారు బయట గేటు దగ్గర నన్ను ఆపింది. "ఇంతమందిలో నన్ను అబద్ధాలదాన్ని చేసినారు" అంది.

"అబద్ధం నాదమ్మా. మీరు నమ్మారు, అంతే."

ఆరు వారాలు హెప్సిబా మౌనంగా కూర్చుంది. డాక్టరుగారిని బతిమాలి ఆపరేషన్ వాయిదా వేయించాను. సంఘంలో కీబోర్డు శృతి దించారు. "మగోళ్ళమంతా బావిలోంచి పాడినట్టుండాది" అని పాస్టరుగారు ఫోనులో నవ్వారు, కానీ మళ్ళీ పెంచలేదు. బ్యాండ్ వాళ్ళు రికార్డింగును జనవరికి జరిపారు, వేరే గాయని మాట ఎత్తలేదు.

నవంబరులో స్ట్రోబోస్కోపీ చేస్తే కుడివైపు కాయ లేదు. ఎడమవైపు చిన్న గుర్తు, అదీ మెత్తబడింది. ఆపరేషన్ అక్కర్లేదన్నారు. నా గదిలోకి తీసుకొచ్చి, "ఇక పాడుకో. నీకు ఏది కావాలంటే అది" అన్నాను.

హెప్సిబా కుర్చీలో నిటారుగా కూర్చుని వరండా పాట ఎత్తుకుంది. సింథసైజర్ లేదు, డిస్టార్షన్ లేదు. కింది స్థాయిలో స్వచ్ఛమైన గొంతు. రెండు చరణాలు ఎక్కడా తెగలేదు.

బయట బెంచీ మీద ఉన్న రూతమ్మగారు తలుపు దగ్గరికి వచ్చి నిలబడింది. పాట అయ్యేదాకా కదల్లేదు.

"ఇది వాళ్ళ నాయన పాట కదా మేడం?" అంది నా వైపు చూసి. తర్వాత కూతురి వైపు తిరిగి, "ఇదేనా మే, నేను మానుకోమనింది?"

హెప్సిబా తలూపింది. తల్లి లోపలికి వచ్చి ఆమె పక్కన కూర్చుని, "ఇంకోసారి పాడు" అంది.

ఇప్పుడు గొంతు పోయిందని ఎవరు వచ్చినా, ఏది మానేయాలని ఇంట్లోవాళ్ళు పోరుతున్నారో దాన్ని తర్వాత అడుగుతాను. ముందు, మానమని ఎవరూ చెప్పని పని ఏమిటో చెప్పమంటాను. కొందరు భజన అంటారు, కొందరు పిల్లలకు పాఠం అంటారు, కొందరు ప్రార్థన అంటారు. అది ఎన్ని గంటలో రాసుకుంటాను. అదైపోయాక, వాళ్ళు పాడేది ఏదైనా సరే, హెడ్‌ఫోన్లు పెట్టుకుని చివరిదాకా వింటాను.