కాకులకు పెట్టిన ముద్ద

నిన్న మార్కమ్‌లో స్నేహితురాలి ఇంటికి వెళితే వాళ్ళ మనవరాలు టీవీలో గ్రిజ్లీ ఎలుగుబంటిని చూస్తోంది. కొండవాలు మీద తల్లి రాళ్ళు తిరగేసి పురుగులు ఏరుకుంటోంది, పిల్ల వెనకే పొర్లుతోంది. "సో క్యూట్, కమ్ సిట్" అంది మనవరాలు. నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను.

కొన్నేళ్ళ క్రితం ఆగస్టులో రెండు కుటుంబాలం కలిసి రాకీ పర్వతాల్లో టెంట్లు వేసుకున్నాం. విండ్సర్‌లో డాక్టరుగా రిటైరైన మా బావగారు, అంటే మా వారి అన్నగారు, ఎక్కడికి వెళ్ళినా ముందే అంతా చదివేసి అందరికీ పాఠం చెప్పే మనిషి. మొదటి సాయంత్రమంతా ఎలుగుబంటి పురాణమే. భుజాల మీది మూపురం మట్టి తవ్వే కండట, ఆ పొడుగాటి గోళ్ళు దుంపలు పెళ్ళగించడానికట. గడ్డీ, చీమలూ, ఎండలు తగ్గేవేళ ఎర్రటి చిన్న పండ్లూ తిని ఒళ్ళు చేసి, చలికాలమంతా బొరియలో పడుకుంటుందట. పుట్టిన పిల్ల రెండు చలికాలాలు తల్లి పక్కనే పడుకుని, ఆ తర్వాత విడిపోతుందట. "మనకంటే పెద్ద వెజిటేరియన్ అమ్మా అది" అని నవ్వారు. మనిషి తిండి రుచి మరిగితే మాత్రం ఇక వదలదని, అప్పుడు చంపడం తప్ప దారి ఉండదని కూడా ఆయనే చెప్పారు. వాసనకి వస్తుందంటూ మా తోటికోడలి ఆవకాయ సీసాతో పాటు నా టూత్‌పేస్టు కూడా లాక్కుని, తిండి దాచుకోవడానికి అక్కడ పెట్టిన ఇనప పెట్టెలో పెట్టి గొళ్ళెం వేశారు.

మర్నాడు మా మామగారి తిథి. బావగారు స్టవ్ మీద అన్నం వండి, నెయ్యీ నువ్వులూ కలిపి ముద్దలు చేసి, పండ్ల పొదల పక్కన రాయి మీద పెట్టారు.

"ఎలుగులు తిరిగే చోటు కదండీ" అన్నాను.

"అది ఫుడ్ కాదమ్మా, నాన్నగారి ముద్ద. కాకి ముట్టగానే తీసేద్దాం."

కాకి రాలేదు. తల్లి ఎలుగు వచ్చింది, వెనకే ఆ ఏడు పుట్టిన పిల్ల. మేం కార్లోకి పరుగెత్తాం. అది ముద్దలన్నీ తిని, రాయి కూడా నాకి వెళ్ళింది.

సాయంత్రం పార్కు ఉద్యోగి, చిన్నపిల్ల, వచ్చి అడిగితే బావగారు "ఇట్ వాజ్ నాట్ ఫుడ్, మిస్" అన్నారు. ఆ అమ్మాయి కోప్పడలేదు. తల దించుకుని రాసుకుంది. పక్క టెంట్ల వాళ్ళంతా మా వైపే చూస్తున్నారు. సిగ్గుతో నాకు తల కొట్టేసినట్టయింది.

తిరిగొచ్చిన కొన్నాళ్ళకి, మేం బావగారింట్లో ఉండగా ఆ అమ్మాయే ఆయనకి ఫోన్ చేసింది. తల్లి ఎలుగు వరసగా టెంట్లు చీల్చిందట, కాల్చేశారట. పిల్లని జూకి పంపారట. బావగారు ఫోన్ పెట్టేసి, "నాన్నగారి పేరు చెప్పి ఎంత పని చేశానమ్మా" అన్నారు.

పోయిన మామగారిని తలుచుకోవడానికి మాకు ఏటా ఒక తిథి వస్తూనే ఉంటుంది. ఆ పిల్లకి తల్లి పక్కన పడుకోవడానికి ఉన్నవి రెండే చలికాలాలు, అవి కూడా మేం మిగల్చలేదు.