పొట్లాల్లో పోయిన ఎలుగుబంటి

తణుకులో మా కిరాణా కొట్టుకి పుస్తకాలు కేజీల లెక్కన వచ్చేవి. చదవడానికి కాదు, పొట్లాలు కట్టడానికి. అప్పటికింకా ప్లాస్టిక్ కవర్లు మా వీధిదాకా రాలేదు. జీలకర్ర, మిరియాలు, పసుపు, అన్నీ పాత పుస్తకాల కాగితాల్లోనే వెళ్ళేవి. నా చదువంతా కాటా పక్కన కూర్చుని సాగిందే. సగం కథలకి మొదలుండదు, సగం వాటికి చివరుండదు. ఊరికే వచ్చిన సరుకు కదా అని సర్దుకునేదాన్ని.

ఒక్క పుస్తకం దగ్గర మాత్రం సర్దుకోలేకపోయాను. అట్ట ఊడిపోయింది, పేరు లేదు. పిల్లల నవల. కథంతా ఒక ఎలుగుబంటి చెబుతుంది. ముక్కుకి తాడు వేసి యజమాని దాన్ని ఊరూరా తిప్పుతుంటాడు. దాని వీపు మీద కూర్చోబెడితే పిల్లలకి భయం పోతుందని జనం నమ్మకం. మా వీధిలోకీ అలాంటి ఎలుగు వస్తే నన్నూ కూర్చోబెట్టారు. నా భయం అవసరానికి మించి పోయిందని నాన్న అనేవారు. పుస్తకంలో ఎలుగు అడుగుతుంది: సరే, మరి నా భయం పోవాలంటే నేనెవరి మీద కూర్చోవాలి? అది చదివాక, ఆ తాడు ఊడుతుందో లేదో తెలిస్తే తప్ప నాకు అన్నం సయించేలా లేదు.

చిక్కేమిటంటే, నాన్న ఏ పుస్తకాన్నైనా చివరి నుంచి చింపేవారు. నేను ముందు నుంచి చదువుతున్నాను.

"నాన్నా, దీన్ని ముందు నుంచి చింపవా? నేను చదివేసినవి వాడుకో."

"నాకేంటంట?"

"బడి నుంచి రాగానే పొట్లాలు నేనే కడతాను."

"కట్టేటప్పుడు చదవకూడదు."

"చదవకపోతే ఇంక ముందు నుంచి చింపడం దేనికి?"

"బేరం నా కొట్లో నేర్చుకుని నాతోనే ఆడుతోందండి," అని ఎదురుగా నిలబడ్డాయనతో చెప్పుకుని ఒప్పుకున్నారు.

నా తెలివి అక్కడితో అయిపోయింది. సంత రోజున నాన్న సరుకు తేవడానికి వెళితే కొట్లో కూర్చునేది అమ్మ. ఆ సంగతి బేరంలో కలపలేదు. బడి నుంచి వచ్చేసరికి చివరి కాగితాలన్నీ పోయాయి.

"ఎవరెవరికి కట్టావమ్మా?"

"సంత రోజున గుర్తుంటుందా ఏంటి? బోణీ మాత్రం చేపలావిడది. పసుపు."

బోణీ ఎవరిదో ఏ కొట్టువాళ్ళూ మర్చిపోరు. బోణీకి చింపింది మొట్టమొదటి కాగితం, అంటే కథకి చిట్టచివరిది. ఒక పాత పేపరు చంకలో పెట్టుకుని కాలవ గట్టు మీద ఆవిడ ఇంటికి పరిగెత్తాను. పొట్లం ఇంకా విప్పలేదు.

"అత్తా, ఆ పసుపు కాగితం ఇస్తే ఈ పేపరంతా నీకే."

బేరమాడేవాళ్ళు ఆత్రం చూపించకూడదు. నేను ఒగరుస్తూ నిలబడ్డాను.

"చిరుగు కాగితానికి పేపరంతా ఇస్తున్నావంటే అందులో ఏదో ఉంది. ముందు చదివి వినిపించు," అని ఆవిడ పసుపు డబ్బాలో పోసి కాగితం చేతికిచ్చింది.

చదివాను. అప్పటికే తాడు ఊడిపోయి ఉంది. ఎలుగు అడవిలోకి వెళుతుంది. పొద్దుగూకేసరికి తిరిగొచ్చి యజమాని పొయ్యి పక్కన కూర్చుంటుంది. అంతే.

"అదేంటత్తా, తాడు ఊడదీశాక ఎవరైనా వెనక్కొస్తారా?"

"ఆడెందుకు ఊడదీశాడంట?"

"ఆ కాగితాలు వేరేవాళ్ళ జీలకర్రతో పోయాయి."

"మరి అది తెలీకుండా దాన్ని తప్పు పడతావేంటే? ఆ పేపరు అక్కడెట్టి వెళ్ళు."

జీలకర్ర కొని ఉంటారనుకున్న వాళ్ళందరినీ అడిగాను. పొయ్యిలో పెట్టేశామన్నారు, లేదా నవ్వారు.

ఇప్పటికీ రాజమండ్రి వెళితే పాత పుస్తకాల కొట్టు దగ్గర ఆగుతాను. పేరు తెలియదు గనక అడగలేను, ఒక్కొక్కటే తిరగేస్తాను. దొరికితే ఎంత చెబితే అంత ఇచ్చేస్తాను. ఆ ముక్క కొట్టతని దగ్గర మాత్రం అనను.